తుపాకీకి పరీక్ష పెట్టే ఇల్లు

వందేళ్లు దాటిన రైఫిల్‌. చూడ్డానికి నిగనిగలాడుతోంది. అందులో ఏ మందు నింపాలి? ఎంత నింపాలి? లెక్క తప్పితే గురి సంగతి తర్వాత, ముందు కాల్చేవాడి చెయ్యే పోతుంది! ఆ లెక్క ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌ వెళ్లాలి.

మూర్‌ స్ట్రీట్‌ స్టేషన్లో దిగి డిగ్బెత్‌ వైపు కాస్త నడిస్తే, బాన్‌బరీ స్ట్రీట్‌లో పాత ఇటుకల భవనం. గేటుమీద ఆయుధాల శిల్పం. అదే ప్రూఫ్‌ హౌస్‌. పార్లమెంటు చట్టంతో 1813లో ఏర్పడి, నేటికీ పనిచేస్తోంది. మామూలు కన్నా ఎక్కువ ఒత్తిడి పుట్టించే తూటా పేల్చి తుపాకీని పరీక్షిస్తారిక్కడ. తట్టుకుంటే గొట్టం మీద ముద్ర పడుతుంది. ముద్ర లేని తుపాకీని అమ్మడం 1868 చట్టం ప్రకారం నేరం.

ఆ ముద్రలే పాత రైఫిల్‌ జాతకం! ఉదాహరణకు మార్టినీ-హెన్రీ. 1871లో బ్రిటిష్‌ సైన్యం చేపట్టిన రైఫిల్‌. దాని తూటాలో 85 గ్రెయిన్ల మందు... అంటే ఐదున్నర గ్రాములు. సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన నల్ల తుపాకిమందు అది. సీసపు గుండు 480 గ్రెయిన్లు. ఇప్పటికీ సరదాగా దాన్ని కాల్చేవాళ్లు తూటాలు సొంతంగా నింపుకుంటారు. చిక్కంతా అక్కడే!

తర్వాత వచ్చిన పొగలేని మందుకు శక్తి చాలా ఎక్కువ. పెద్ద తూటా గొట్టాన్ని నల్లమందులాగే దాంతోనూ నిండా నింపితే రైఫిల్‌ బద్దలవుతుంది. అందుకే పొగలేని మందుకు పరీక్ష వేరు, ముద్రా వేరు. 1954 నుంచీ బర్మింగ్‌హామ్‌లో అది కిరీటం కింద 'బి.ఎన్‌.పి.' అక్షరాలు. నల్లమందుకే పరీక్షించిన రైఫిల్‌కు నల్లమందే క్షేమం. అదైనా, నమ్మకమైన పట్టికలో ఆ రైఫిల్‌కు చెప్పిన తక్కువ మోతాదుతోనే మొదలెట్టాలి. మందుకూ గుండుకూ నడుమ ఖాళీ ఉండకూడదు. మోతాదు తగ్గితే ఆ చోటును తగిన పూరకంతో నింపాలి.

ఇంకోమాట... ముద్ర వేసిన రోజు బలానికే అది సాక్ష్యం. తర్వాత పట్టిన తుప్పు, పడిన పగులు దానికి తెలియవు. అందుకే ముందు తుపాకీ మెకానిక్‌కు చూపించాలి. తూటా నింపడం ఆ తర్వాతే!