ఉండి ఉండి ఆగే బండి

కోఠీ నుంచి చాదర్‌ఘాట్ వంతెన దాటి, నల్లగొండ చౌరస్తాలో మెట్రో స్తంభాలకు సెలవు చెప్పి కుడిచేతివైపు తిరిగితే చంచల్‌గూడ, ఆపైన సైదాబాదు. చార్మినారు చూడవచ్చిన వాళ్ళెవరూ ఇటు రారు. చూపించడానికి ఇక్కడ పెద్ద కట్టడమేదీ లేదు మరి. మసీదు, గుడి, ఇరానీ హోటలు, ట్యూషను సెంటరు ఒకదాన్నొకటి ఆనుకుని కాపురం చేస్తుంటాయి. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ 1886లో గుర్రప్పందేలను మౌలాలీ నుంచి మలక్‌పేటకు మార్పించాడు. ఆ మైదానం ఇక్కడికి కూతవేటు దూరం. గుర్రం మొరాయిస్తే అదిలించవచ్చు, బుజ్జగించవచ్చు. మోటారు మొరాయిస్తే మాత్రం సైదాబాదు సందుల్లో ఉస్తాదును వెతుక్కోవలసిందే.

మా కాలేజీ రసాయనశాస్త్రం మాస్టారికి తండ్రి విడిచివెళ్ళిన ఆస్తి ఒక రెండు సీట్ల స్పోర్ట్సు కారు. ఇంగ్లండులో పుట్టి అరవై ఏళ్ళు దాటింది. నడిచినంతసేపు రాజహంస, తరువాత ఉన్నట్టుండి గుటుక్కుమంటుంది! ఐదు నిమిషాలాగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ బయలుదేరుతుంది. ఒకనాడు చాదర్‌ఘాట్ వంతెన నడిమధ్య ఆగింది. వెనక సిటీబస్సు, పక్కన ఆయన కూతురు. ఆ సాయంత్రమే ఇల్లాలు తేల్చి చెప్పింది: "మీరెక్కితే ఎక్కండి, పిల్లను మాత్రం ఎక్కించను." పెళ్ళిళ్ళలో ఫోటోలకు కార్లు అద్దెకిచ్చే ఆసామీ ఒకడు బేరానికొచ్చాడు. సోమవారం డబ్బిస్తానన్నాడు. ప్లగ్గులు, కాయిలు, కండెన్సరు, బ్యాటరీ అన్నీ మార్చి విసిగిపోయిన మాస్టారు సరేనన్నాడు కూడా. శనివారం నాడు, ఆఖరు ప్రయత్నంగా, ఇద్దరం సైదాబాదు చేరాం.

ఈ నిప్పు వ్యవహారం కొంచెం చెప్పుకోవాలి. పాత పెట్రోలు కార్లలో ఉండేది, 1910 ప్రాంతాల్లో అమెరికా ఇంజనీరు చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన ఏర్పాటు. డిస్ట్రిబ్యూటరులో పాయింట్లనే రెండు చిన్న లోహపు ముక్కలు తాకుతూ విడిపోతూ ఉంటాయి. విడిపోయినప్పుడల్లా బ్యాటరీ తాలూకు 12 వోల్టులు కాయిలులో వేల వోల్టులై ప్లగ్గు దగ్గర రవ్వగా రాలుతాయి. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజనుకు సెకనుకు నూరు రవ్వలు కావాలి. చౌమహల్లా ప్యాలెస్‌లోని 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ మీరు చూసే ఉంటారు. ఆ కాలపు సిల్వర్ ఘోస్టులకు సిలిండరుకు రెండేసి ప్లగ్గులు, బ్యాటరీ ఒకవైపు, మాగ్నెటో ఒకవైపు. ఒకటి అలిగితే రెండవది ఆదుకుంటుంది. నవాబుల బండి కదండీ! మా మాస్టారి బండికి ఆ వైభోగమెక్కడిది?

ఉస్తాదు బానెట్టు ఎత్తనైనా ఎత్తలేదు. టీ తెప్పించి ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ఒక్కసారే బంద్ అయితదా సార్, దగ్గుకుంట దగ్గుకుంట ఆగుతదా?"

"ఒక్కసారే, దీపం ఆర్పినట్టు."

"అయితే పెట్రోలు కాదు, కరెంటే. జోరుగ తొక్కితే ఆగుతదా, నిమ్మలంగ పోతుంటేనా?"

మాస్టారు కాసేపు ఆలోచించి, నిదానంగా, ఒకే వేగంతో పోతున్నప్పుడేనన్నాడు. ఇన్నాళ్ళూ ఆయనను ఎవరూ ఈ మాట అడగలేదట. ఉస్తాదు తల పంకించి, "బీమారు ఉన్నప్పుడే నబ్జు చూడాలె సార్. ఇప్పుడు బండి బాగుంది, ఏం చూస్త?" అన్నాడు.

తరువాత అతడు చేసిన పని వైద్యులు నేర్చుకోదగింది. రెండు చిన్న బల్బులకు పొడుగాటి తీగలు కట్టి స్టీరింగు ముందు వేలాడదీశాడు. ఒకటి కాయిలుకు కరెంటు వచ్చే చోట, రెండవది కాయిలు నుంచి డిస్ట్రిబ్యూటరుకు పోయే చోట. మొదటిది ఆరితే దోషం తాళం వైపు. అది వెలుగుతూ రెండవది ఆరిపోతే పాయింట్ల దగ్గర ఎక్కడో తీగ బాడీకి తాకుతున్నట్టు. ఇంజను నడుస్తుంటే రెండవది మినుకుమినుకుమనాలి. మినుకు మాని నిలకడగా వెలిగిందా, డిస్ట్రిబ్యూటరు లోపల దారి తెగినట్టు.

ఉన్నవి రెండే సీట్లు. ఉస్తాదు స్టీరింగు పట్టాడు, దీపాలు చూసే పని నాకు అప్పగించాడు. మాస్టారు టీకొట్టు దగ్గరే ఉండిపోయాడు. ఐ.ఎస్. సదన్, చంపాపేట దాటాం. రెండవ బల్బు మిణుగురులా కొట్టుకుంటూనే ఉంది. కర్మన్‌ఘాట్ దాటి సాగర్ రోడ్డు మీద నిదానంగా పోతుండగా ఇంజను ఠక్కున ఆగింది. రెండవ బల్బు కన్నార్పకుండా వెలుగుతోంది. "వెలుగుతోంది!" అని కేకేశాను. ఉస్తాదు నవ్వి బండిని రోడ్డువారకు దొర్లించాడు.

డిస్ట్రిబ్యూటరు మూత తీస్తే లోపల రెండంగుళాల తీగ ఒకటి. పైగుడ్డ చెక్కుచెదరలేదు, లోపలి రాగిపోగులన్నీ తెగి ఉన్నాయి. బండి నిదానంగా పోయేటప్పుడు ఇంజను పీల్పుకు పాయింట్ల పళ్ళెం కొంచెం పక్కకు తిరుగుతుంది. ఆ లాగుడుకు తెగిన కొసలు ఎడమవుతాయి. ఇంజను ఆగగానే పళ్ళెం వెనక్కొచ్చి కొసలు కలుసుకుంటాయి. గట్టిగా తొక్కినప్పుడు ఆ పీల్పు ఉండదు, బండి ఆగదు. షెడ్డులో నిలబెట్టి చూస్తే అంతా సుఖమే. అందుకే ఎన్ని కాయిళ్ళు మార్చినా ఫలితం లేకపోయింది.

ఇంట్లో వాడే మొద్దు తీగ వేస్తే ఆ ఊపుకు త్వరలోనే విరుగుతుందని, సన్నపోగుల మెత్తని తీగే తెప్పించి, కొంచెం వదులు ఉంచి టంకం పెట్టాడు ఉస్తాదు. మళ్ళీ సాగర్ రోడ్డుకు పోయి వచ్చాం, ఈసారి మాస్టారే నడిపాడు. బల్బు కొట్టుకుంటూనే ఉంది. ఆయన రోడ్డు పక్కనే నిలబడి బేరగాడికి ఫోను చేశాడు.

తీగ ఖరీదు, టీ ఖరీదు, సగంపూట కూలి, అంతే తీసుకున్నాడు ఉస్తాదు. వానాకాలానికి ముందు మూత ఒకసారి చూపించమన్నాడు. దానికి వెంట్రుకవాసి బీట ఉందట, ఇప్పటికి ఫరవాలేదట.