ఊపిరి ఉండగానే

మా కె.జి.ఎఫ్.లో మగవాడు యాభై దాటీ దాటకముందే పని మానేసి ఇంటిపట్టున ఉన్నాడంటే, ఇరుగుపొరుగు ముందుగా అడిగేది ఛాతీ సంగతి. దగ్గు వస్తోందా, మెట్లెక్కితే ఆయాసపడుతున్నావా, ఎక్స్‌రే తీయించావా అని. డబ్బు సంగతి ఆ తర్వాత. నూట ఇరవై ఏళ్ళు బంగారం తవ్విన కోలార్ గనుల ఊరు మాది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా ఇక్కడ కూలివాడు పని చాలించుకోవడానికి చాలా వరకు రెండే దారులు. వయసు మీరడం ఒకటి, రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరి ఒళ్ళు మొరాయించడం రెండోది. 1940లలో వేలమంది గని కార్మికులను పరీక్షిస్తే పదిమందిలో నలుగురికి పైగా ఈ రాతిపొడి జబ్బు, సిలికోసిస్, ఉన్నట్టు తేలింది. 2001లో మూడో దారి కూడా చూశాం. ఒక్కరోజుతో గనే లేకుండా పోయింది. ఈ మూడింటిలో ఏదీ మనిషి తనంతట తాను కోరుకున్నది కాదు.

అందుకే నేను నా ఇష్టంతో, ఒంట్లో ఏ నలతా లేకుండా ఉద్యోగం వదిలేసి, బేతమంగల చెరువు దగ్గర మా అమ్మవాళ్ళ మామిడితోటలో వేసవి గడుపుతున్నానంటే చాలామందికి నమ్మకం కుదరలేదు. మొదటి ఏడు తోట దారిన మేకలు తోలుకుపోతున్న అవ్వ ఒకామె ఆగి నన్ను తేరిపార చూసింది.

"ఏం నాయనా, పనికి పోకుండా ఈడ కూకోనుండావు? ఒళ్ళు బాగుండాదా?"

"బాగుండాది అవ్వా. పని చాలించుకున్నా."

"ఇంత చిన్న వయసులోనా? మీ నాయన మాదిరి దగ్గు లేదు గదా?"

లేదని చెప్పినా కాసేపు నిలబడి, నా ఊపిరి విన్నట్టుగా విని, అప్పుడు కదిలింది.

మా నాయన భూమి లోపల పనిచేసినవాడు. గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిపోయాక అడుగున రాతి వేడిమి అరవై డిగ్రీలు దాటేదట. ఆ వేడిలో, ఆ పొడిలో వయసంతా గడిపి, దగ్గుతో ఈ తోటకు వచ్చాడు. మా ఇల్లు పెద్దదేమీ కాదు. రాతిబండలు పరిచిన మిద్దె, ముందర వేపచెట్టు, చుట్టూ రాతి కూసాల కంచె. అక్కడి నుంచి చెరువు కట్ట మీదికి పోవడానికి బండలు పేర్చిన మెట్లున్నాయి. చివరి వేసవుల్లో ఆయన మొదటి బండ మీద తువ్వాలు పరుచుకుని కూర్చునేవాడు. అంతకు పైకి ఎక్కలేడు. కట్ట మీది నుంచి దిగి వచ్చే ప్రతివాణ్ణీ ఆపి, "నీళ్ళు యాడికుండాయి? తూము రాయి బయటపడిందా?" అని అడిగేవాడు. చెరువుకు అంత దగ్గర ఉండి, దాన్ని పక్కవాళ్ళ నోట విన్నాడు. అప్పుడు నేను బెంగళూరు రైల్లో ఉన్నాను.

ఆ రైలు సంగతి కె.జి.ఎఫ్. వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. గనులు మూతపడ్డాక ఊరికి అన్నం పెట్టింది మారికుప్పం నుంచి బయలుదేరే ఆ రైళ్ళే. చాంపియన్, ఊరిగాం, కోరమాండల్ స్టేషన్లలో చీకటి విడవకముందే జనం క్యారియర్లతో నిలబడి ఉంటారు. బంగారుపేట దాటేసరికి సగంమంది నిద్రలో ఉంటారు. ఆడవాళ్ళు సాయంత్రం తిరుగు రైల్లో చిక్కుళ్ళు ఒలుచుకుంటారు, పూలు కట్టుకుంటారు, ఎందుకంటే ఇల్లు చేరాక ఆ పనికి పొద్దు మిగలదు. పోనూ రానూ రోజులో నాలుగైదు గంటలు పట్టాల మీదే. నేను చేసింది లెక్కల పని. దుమ్ము లేదు, పొగ లేదు. కానీ ఒక సాయంత్రం మా నాయన ఎందుకు నాలుగు మెట్లు ఎక్కలేకపోయాడో, నేను ఎందుకు ఎక్కడానికి తీరిక లేక ఉన్నానో రెండూ కలిపి ఆలోచించాను. ఇంటి అప్పు తీరింది. అమ్మాయి చదువు అయిపోయి తన కాళ్ళ మీద నిలబడింది. తోట మీద ఏటా కొంత వస్తుంది. నా భార్య బడిలో పాఠాలు చెబుతుంది. ఇక చేతిలో ఉండవలసింది ఆరోగ్యమే. అది ఉండగానే వదిలేయాలనిపించింది, వదిలేశాను.

మా కోలార్ జిల్లాలో ఇలా చేసిన పెద్దమనిషి ఒకరున్నారు. మాలూరు తాలూకాలో పుట్టిన మాస్తి వెంకటేశ అయ్యంగార్. మైసూరు సంస్థానంలో పెద్ద అధికారిగా ఉంటూ, తనకు రావలసిన పదవి తనకంటే వెనక చేరినవారికి దక్కిందని 1943లో, యాభై రెండేళ్ళ వయసులో ఉద్యోగం వదులుకున్నారు. ఆ తర్వాత నలభై ఏళ్ళకు పైగా బతికారు, రాశారు. 'చిక్కవీర రాజేంద్ర' నవల ఉద్యోగం వదిలాక రాసిందే, 1983 జ్ఞానపీఠం తెచ్చిందీ అదే. ఇంట్లో తమిళం, కలంలో కన్నడం, చుట్టూ తెలుగు ఉన్న సీమ నుంచి వచ్చిన మనిషి. నా చేత నవల కాదు గానీ, యాభై రెండేళ్ళకు ఉద్యోగం వదిలిన మనిషికి ఇంకో జీవితకాలం మిగిలి ఉండవచ్చునన్న ధైర్యం ఆయన్ను చూస్తే వస్తుంది.

బేతమంగల చెరువు సంగతి చెప్పాలి. కె.జి.ఎఫ్. నుంచి పది పన్నెండు కిలోమీటర్లు. ఎగువ మైదానంలో పుట్టిన పాలారు మీద కట్టిన చెరువు ఇది. ఇది దాటాక ఏరు కుప్పం సీమ మీదుగా తమిళనాడుకు పోతుంది. బాణరాజుల నాటి విజయాదిత్యమంగలమే ఈ ఊరు. తెగిపోయిన ఈ చెరువును నొళంబరాజు ఒకాయన 950 ప్రాంతంలో మళ్ళీ కట్టించినట్టు శాసనాలున్నాయి. అంటే ఇక్కడ కట్ట మీద మట్టి పోయడం వెయ్యేళ్ళకు పైబడిన పని. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గనులకు నీళ్ళు కావలసి వచ్చినప్పుడు చూపు ఈ చెరువు మీదే పడింది. అదే కాలంలో, 1902లో, కావేరి మీది శివనసముద్రం నుంచి 147 కిలోమీటర్లు తీగలు లాగి గనులకు కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది ఆ తర్వాత మూడేళ్ళకు. కావేరి నుంచి వెలుగూ, బేతమంగల నుంచి నీళ్ళూ వచ్చి బంగారం పైకి తేలింది. మైన్ లైన్లలో, అంటే గని కార్మికుల ఇళ్ళ వరసల్లో, కుళాయి దగ్గర బిందెలతో నిలబడిన మా అమ్మ, తను పుట్టినూరి చెరువు నీళ్ళే పట్టుకునేది. ఆ మాట ఎంత గర్వంగా చెప్పేదో!

వేసవిలో చెరువు ఒడ్డున సుఖంగా ఉండడమంటే సినిమాల్లో చూపించే నీలిరంగు నీళ్ళు, పడవలు తలపుకు రావచ్చు. కోలార్ చెరువు అలా ఉండదు. మాఘం దాటాక నీళ్ళు రోజుకింత వెనక్కి జరుగుతాయి. చైత్రానికి తూము రాయి మీద పాత నీటి గీతలు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. నీళ్ళు విడిచిన మేర పచ్చగడ్డి మొలుస్తుంది, పశువులు దిగుతాయి. ఇంకా లోపల ఎండిన చోట పెంకులు లేస్తాయి, ట్రాక్టర్లు పూడుమట్టి తవ్వుకుపోతాయి. ఆ నల్లమట్టి మా తోటకూ నాలుగు బళ్ళు తోలిస్తాం. మామిడి పాదుల్లో అది పడితే మరుసటి పూత వచ్చే తీరే వేరు. మిగిలిన నీళ్ళలో కొంగలు, నీటికాకులు గుంపు కడతాయి, ఎందుకంటే చేపలన్నీ ఆ చిన్న మడుగులోకే వచ్చి చేరతాయి. ఒకరోజు నీటికాకి మునిగి ఎంతకీ పైకి రాకపోతే లేచి నిలబడ్డాను. అవతలి రాతి దగ్గర తేలింది, నోట్లో జిలేబి చేప అడ్డంగా ఉంది. దాన్ని రెండుసార్లు గాల్లోకి ఎగరేసి, తల ముందుకు వచ్చేలా తిప్పుకుని మింగింది. ముళ్ళరెక్క గొంతుకు తగలకుండా ఉండడానికే ఆ తిప్పడం. ఇది చూడడానికి నాకు పట్టింది పొద్దున ఒక గంట. ఆ గంట ఎవరికీ బాకీ లేదు.

కోస్తాలో రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయంటారు. మాది రెండున్నర వేల అడుగుల ఎత్తున్న మైదానం. మధ్యాహ్నం ఎండ మండినా, పొద్దు వాలగానే చెరువు మీదుగా గాలి తిరుగుతుంది. మధ్యాహ్నం మజ్జిగ కలిపిన రాగి అంబలి, పచ్చి ఉల్లిగడ్డ. రాత్రికి సంగటి, మామిడికాయ పప్పు, ఊరిబిండి. సెలవులకు అన్నదమ్ముల పిల్లలంతా వస్తారు. వాళ్ళకు నడుముకు మునగబెండ్లు కట్టి ఈత నేర్పుతాను. అయితే తూము పక్కన రాతి అడుగున్న చోటే. మట్టి తవ్విన గుంతలు నీళ్ళ కింద కనిపించవు, లోతు తెలియదు. ఏటా జిల్లాలో ఎక్కడో ఒకచోట అలాంటి గుంతలో పిల్లలు పోయిన కబురు వింటూనే ఉంటాం. చెరువు దగ్గర సెలవులు గడిపే ప్రతి ఇంట్లోనూ ఈత వచ్చిన పెద్దవాడొకడు ఒడ్డున కళ్ళప్పగించి కూర్చోవాలి. నాకు ఇప్పుడు దానికి తీరిక ఉంది.

ఒక్కటి మాత్రం ఈ సుఖంలోనూ మనసును గుచ్చుతుంది. ఏడాది పొడుగునా పారే నది లేని జిల్లా ఇది. చిక్కబళ్ళాపురం విడిపోకముందు నాలుగు వేలకు పైగా చెరువులుండేవి. వాటిని నమ్ముకునే రాగి, వరి, పట్టుపురుగులు, పాలు అన్నీ నడిచాయి. తర్వాత బోర్లు వచ్చాయి. ఇవాళ వెయ్యి అడుగులు దాటి దించినా తడి తగలని చోట్లు ఎన్నో. తగిలిన చోట ఫ్లోరైడు. ఒకప్పుడు బంగారం కోసం లోతుకు పోయాం, ఇప్పుడు నీళ్ళ కోసం పోతున్నాం. 2018 నుంచి బెంగళూరులో వాడిన నీళ్ళను శుద్ధి చేసి కె.సి. వ్యాలీ పథకం కింద మా జిల్లా చెరువులకు పంపుతున్నారు. భూమిలో నీరు ఊరడానికే గానీ అవి తాగడానికి కావు. బోర్లలో నీళ్ళు పైకొచ్చాయని సంతోషించే రైతులున్నారు, ఆ శుద్ధి చాలదని పోరాడుతున్నవాళ్ళూ ఉన్నారు. ఇంకో మెట్టు శుద్ధి చేసి పంపాలనేదే నా మాట కూడా. 2021 నవంబరు వానలకు జిల్లాలో ఎన్నో చెరువులు ఏళ్ళ తర్వాత మరవ పోయినప్పుడు జనం పసుపు కుంకుమలతో కట్టల మీదికి ఎలా వచ్చారో చూసినవాళ్ళకు, ఈ ఊళ్ళకు తమ సొంత వాన నీళ్ళ మీద ఎంత ఆశ ఉందో తెలుస్తుంది. చెరువులోకి నీళ్ళు తెచ్చే వంకల్లో సర్కారు తుమ్మ అడవిలా పెరిగింది. వేసవిలో వంక ఎండి ఉన్నప్పుడే దాన్ని కొట్టడం సులువు. ఈ ఏడు ఊళ్ళో కుర్రాళ్ళు మొదలుపెట్టారు. నేనూ కొడవలి పట్టుకుని పోతున్నాను. ఎండ ముదరకముందే పని ముగించి, వంకలోనే కూర్చుని అందరం అంబలి తాగుతాం.

ఇక మామిడి. మా జిల్లా శ్రీనివాసపురం మామిడి పేరు వినని తెలుగువాడు ఉండడు. మా సీమ కాయ ఆలస్యంగా వస్తుంది. కోస్తాలో బంగినపల్లి దిగిపోయే వేళకు మా దగ్గర బాదామి ముదురుతుంది, తోతాపురి జూన్ దాటినా ఉంటుంది. పూత మీదనే తోట గుత్తకు ఇచ్చేస్తాం, ఇంటి చుట్టూ ఉన్న కొన్ని చెట్లు మాత్రం మాకు ఉంచుకుంటాం. ఏప్రిల్ చివర భరణి వాన నెమ్మదిగా పడితే కాయ ఊరుతుంది, వడగళ్ళు పడితే ఏడాది కష్టం నేలపాలు. పొద్దున్నే దోటికి చిక్కం కట్టి, కాయను తొడిమతో సహా దించి, తొడిమ విరిచి, సొన కారిపోయేదాకా గడ్డి మీద బోర్లించి పెడతాను. ఆ పని తొందరపడితే సొన కాయ మీద మచ్చ కడుతుంది, మచ్చ దగ్గర కుళ్ళు మొదలవుతుంది. ఆరాక వరిగడ్డి పొరల మధ్య మాగవేస్తాం. నాలుగో రోజుకు గది తలుపు తీస్తే చాలు, ఏ మూల గంప పండిందో వాసనే చెబుతుంది. ఉద్యోగం చేసినన్నాళ్ళు మా ఇంటి పండు నేను ఆదివారాలే తిన్నాను. ఏ పండు ఏ పూటకు సరిగ్గా అదనుకు వస్తుందో ఇప్పుడే తెలుస్తోంది.

నా భార్యది మాత్రం ఇంకా ఏళ్ళ తరబడి సర్వీసు ఉంది. నాతో పాటే మానేస్తావా అని అడిగాను. ఐదో తరగతి పిల్లలకు భిన్నాలు అర్థమైన రోజు తనకు ఉండే సంతోషం ఏ చెరువు గట్టునా దొరకదంది. ఆ మాట నిజమేనని ఆమె ముఖం చూస్తే తెలిసింది. అందుకే మా వేసవి బడి సెలవులతో మొదలై బడి సెలవులతో సగానికి ఆగుతుంది. జూన్ మొదటికి బడి తెరుస్తారు, ఆమె వెళ్ళిపోతుంది. సరిగ్గా అప్పుడే బాదామి పక్వానికి వస్తుంది. నేను తోటలోనే ఉండి, శనివారాలు గంపకు గోనె కుట్టి, బేతమంగల బస్టాండులో కె.జి.ఎఫ్. బస్సు ఎక్కిస్తాను. పైన కాస్త పచ్చిగా ఉన్నవి, అడుగున గట్టివి, మధ్యలో ఆ రోజుకు పండినవి. ఆమె బడిలో టీచర్లకు సోమవారం పంచుతుంది. కండక్టరుకు రెండు పళ్ళు.