చిగుళ్ళు చూసి చెప్పాలి!

చేపలను గురించి వ్రాయబోతున్నాననగానే శాకాహారులైన పాఠకులు పేజీ తిప్పెయ్యవద్దని మనవి. ఇది వంటను గురించిన ముచ్చట కాదు; ఆనవాలు పట్టడాన్ని గురించినది.

మన గోదావరి జనం ఒకే చేపకు రెండు పేర్లు పెట్టుకున్నారు. సముద్రంలో ఉన్నంతకాలం అది విలస; వరదనీటికి ఎదురీది గోదావరిలోకి వస్తే పులస. అమెరికా పడమటి తీరాన వ్యవహారం సరిగ్గా తలకిందులు. అక్కడ కడలి విడిచి నదుల్లోకి ఎదురెక్కే సామన్ చేపలు ముఖ్యంగా ఐదు రకాలు: చినూక్, కోహో, సాకై, చమ్, పింక్. వాటికి దగ్గర చుట్టం స్టీల్‌హెడ్. వచ్చిన కొత్తలో అన్నీ వెండిపూత పూసినట్టే ఉంటాయి. గుడ్లు పెట్టే వేళకు సాకైకి ఒళ్ళు ఎర్రబడి తల ఆకుపచ్చనవుతుంది. మగ పింక్‌కు గూని లేస్తుంది. చమ్ ఒంటిమీద చారలు తేలతాయి. అప్పుడైతే పసివాడైనా పేరు చెప్పగలడు. వసంతకాలంలో గాలం వేసేవాడికి మాత్రం ఆ సదుపాయం లేదు.

మా అక్కయ్యవాళ్ళు వాషింగ్టన్ రాష్ట్రంలో, కొలంబియా నది ఒడ్డున, వాంకూవర్ అనే ఊళ్ళో ఉంటున్నారు. కెనడాలోని పెద్ద వాంకూవర్ కాదు సుమా! ఇది పోర్ట్‌లండ్‌కు అవతలి గట్టు. నేను వెళ్ళింది ఏప్రిల్ నెలలో. దూరాన హుడ్ పర్వతం నెత్తిన మంచు; నదిమీద బారులు తీరిన పడవలు. అవన్నీ వసంత చినూక్ కోసం వచ్చినవే. చినూక్‌కు అక్కడ 'రాజు' అని బిరుదు. వేసవి చివర గుడ్లు పెట్టవలసిన ఈ చేప నెలల ముందే నదిలోకి వస్తుంది. మంచినీటిలో అడుగుపెట్టాక తిండి మానేస్తుంది. ఆ ఉపవాసానికంతకూ సరిపడే కొవ్వు ఒంట్లో దాచుకుని వస్తుంది గనుకనే దానికంత రుచి.

శనివారం తెల్లవారుజామున బావ, మేనల్లుడు నన్ను పడవ ఎక్కించారు. పదమూడేళ్ళ కుర్రవాడు నాకు పాఠం మొదలుపెట్టాడు.

"ముందు నోరు చూడాలి మావయ్యా. కింది దవడ చిగురు నల్లగా ఉంటే చినూక్. నోరు నల్లగా ఉన్నా పళ్ళు మొలిచేచోట చిగురు తెల్లగా ఉంటే కోహో. నోరంతా తెలుపైతే స్టీల్‌హెడ్."

"మరి తోక?"

"చినూక్‌కు తోక పైభాగంలోనూ కిందిభాగంలోనూ మచ్చలుంటాయి. కోహోకు పైన మాత్రమే. సాకైకీ చమ్‌కూ పెద్ద మచ్చలుండవు. పింక్‌కు గుడ్డు ఆకారంలో పెద్ద పెద్ద మచ్చలు. కాని స్టీల్‌హెడ్‌కు కూడా తోకంతా మచ్చలే. అందుకని తోకొక్కటే చూసి చెప్పకూడదు."

అనుమానం తీరకపోతే పొట్టకింద, తోకకు ముందున్న రెక్కలో ఈనెలు లెక్కపెట్టాలట. పన్నెండు దాటకపోతే స్టీల్‌హెడ్. పదమూడూ ఆపైనా ఉంటే సామన్. తెలుగు మేష్టరును గదా, నాకు గణవిభజన గుర్తుకొచ్చింది. మొదటి గురువును రెండు లఘువులు చేస్తే చాలు, ఉత్పలమాల కాస్తా చంపకమాల అయి కూర్చుంటుంది!

పదకొండు గంటలకు గాలపుకర్ర చివర గంట మోగింది. పావుగంట పెనుగులాట తరువాత చేప పడవ పక్కకు వచ్చింది. బావ వల పెట్టాడుగాని పైకెత్తలేదు. నీళ్ళలోనే నోరు చూశాడు. నల్లటి చిగురు.

"రాజే!" అన్నాడు.

మేనల్లుడు వీపు చూశాడు. తోకకు దగ్గరగా వేలి కొసంత మెత్తని రెక్క ఒకటుంటుంది. హేచరీల్లో పెంచిన పిల్లల్ని నదిలో వదిలేముందు ఆ రెక్క కత్తిరించి వదలడం అక్కడి పద్ధతి. రెక్క తెగి, ఆ గాయం మానిన చేపనే ఇంటికి తెచ్చుకోవాలి. రెక్క ఉన్నది నదిలో పుట్టిన చేప. దాన్ని నీళ్ళలోనుంచి పూర్తిగా పైకెత్తనైనా కూడదు.

"ఉంది నాన్నా," అన్నాడు కుర్రవాడు.

"సరిగ్గా చూడరా."

"ఉంది."

బావ నాలుగు వారాలుగా వట్టి చేతులతో తిరిగి వస్తున్నాడు. మర్నాడు భోజనానికి మూడు కుటుంబాలను పిలిచి ఉన్నారు. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. కుర్రవాడు చెయ్యి తడుపుకుని గాలం మెలితిప్పి ఊడదీశాడు. చేప ప్రవాహానికి ఎదురుగా కాసేపు నిలబడి, ఒక్క తోక విసురుతో మాయమయింది.

ఆ పట్టుదలకు కారణముంది. ఆనకట్టలు వచ్చాక కొలంబియా సామన్లు బాగా తరిగిపోయాయి. స్నేక్ నది వసంత, వేసవి చినూక్‌లను 1992లో ముప్పులో ఉన్నవాటిగాను, ఎగువ కొలంబియా వసంత చినూక్‌ను 1999లో అంతరించిపోతున్నదిగాను ప్రభుత్వం ప్రకటించింది. వలలో పడ్డ చేప ఏ ఉపనదిలో పుట్టిందో ముఖం చూసి ఎవరూ చెప్పలేరు. చెప్పగలిగింది ఆ చిన్న రెక్క ఒక్కటే.

అక్కయ్య విని నవ్వేసింది. "పోనీలెండి, రేపటికి గుత్తివంకాయ చేస్తాను. వచ్చే నెలనుంచి షాడ్ వస్తుందిగా, అది మన పులసకు చుట్టమేనట!"

ఆ పై శనివారం బోనవిల్ ఆనకట్ట చూడబోయాము. చేపలు ఎక్కడానికి మెట్లు కట్టి, పక్కన అద్దాల కిటికీలు పెట్టారు. 1938 నుంచీ అక్కడ మనుషులు కూర్చుని, ఎక్కివచ్చే చేపలను రకంవారీగా లెక్కపెడుతున్నారు. నా కళ్ళముందే ఒక పెద్ద చినూక్, వీపున రెక్క నిండుగా, ప్రవాహాన్ని నెట్టుకుంటూ పైకి పోయింది.

"మనదేనేమో మావయ్యా!" అన్నాడు కుర్రవాడు.

కాదనడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు.