చేత్తో కొడితే నడుస్తుంది, రాత్రి నడవదు

మిల్లులు మూతపడ్డాక మన ఇళ్ల ఆడవాళ్లు చాలామంది గార్మెంట్స్‌కి పోతున్నారు. పీణ్యలో అలాంటి ఒక ఫ్యాక్టరీలో నేను కంప్యూటర్ పని చూస్తాను. రోజూ పడిన హాజరు రాత్రి 2 గంటలకు జీతాల లెక్కలోకి వెళ్లాలి. లినక్స్‌లో క్రాన్ అనే ప్రోగ్రామ్ టైముకి ఆ స్క్రిప్టు నడుపుతుంది.

పోయిన నెల మూడు రోజుల ఓటీ లెక్కలోకి రాలేదు. "మీరే కార్డు సరిగా పెట్టి ఉండరు" అని సూపర్‌వైజర్ అక్కలనే అన్నాడు. చూస్తే పంచింగ్ మిషన్‌లో టైములన్నీ ఉన్నాయి!

అదే స్క్రిప్టు నేను చేత్తో నడిపితే బాగానే నడిచింది. అందుకే తప్పులన్నీ ఒక లాగ్ ఫైల్లో పడేలా పెట్టాను. తెల్లారి చూస్తే 127 అని ఉంది. కమాండ్ దొరకలేదని దాని అర్థం. పని సరిగా అయితే 0 రావాలి.

మనం లాగిన్ అయితే కమాండ్లు ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పే పాత్ మొత్తం సిద్ధంగా ఉంటుంది. క్రాన్‌కి అది అందదు, మామూలుగా రెండు ఫోల్డర్లే వెతుకుతుంది. బిన్నీపేటలో "మూల అంగడికి పోయిరా" అంటే మన పిల్లాడు పోతాడు. నిన్న ఊరి నుంచి దిగినవాడికి వీధి, మలుపు అన్నీ చెప్పాలి కదా! స్క్రిప్టులో కమాండ్‌కి పూర్తి దారి రాశాను. ఆ రాత్రి నుంచి నడుస్తోంది. ఆగిన ఓటీ కూడా లెక్కలో కలిసింది.

అక్కల్లారా, ఓటీ తక్కువ పడితే పంచింగ్ రికార్డు చూపించమని అడగండి.