సైలెన్సర్ లోపల ఏముంది?

సైలెన్సర్ అంటే బండి చప్పుడు తగ్గించే గొట్టం. పేరే అలా ఉంది. కాని ఇప్పుడొచ్చే బండ్లలో ఆ గొట్టం ఇంకో పని కూడా చేస్తుంది. దాని గురించి మా ఇంట్లో పెద్ద వాదనే జరిగింది.

మా అన్న రెండేళ్ళు డబ్బు కూడబెట్టి బైకు కొన్నాడు. నెల తిరక్కుండానే కంపెనీ గొట్టం మొత్తం తీసేసి, డబ్ డబ్ మని మోగేది వేయించాలని పట్టుపట్టాడు. అమ్మ తమిళంలో తిట్టింది, నైనా తెలుగులో తిట్టాడు. ఇద్దరి బాధా చప్పుడు గురించే. మా వీధి చివర మెకానిక్ మామ మాత్రం వేరే మాట అన్నాడు. "చప్పుడు సరే తంబీ, దాంతోపాటు కేటలిటిక్ కన్వర్టర్ కూడా పోతుంది, తెలుసా?"

కోసి పెట్టిన పాత గొట్టం ఒకటి చూపించాడు. లోపల తేనెపట్టులాగా సన్నని గదులు. వాటి గోడలమీద ప్లాటినం, పల్లేడియం, రోడియం లాంటి లోహాల పూత ఉంటుంది. స్కూల్లో తమిళంలో 'వినైయూక్కి' అని చదివినదే ఇది. తెలుగులో ఉత్ప్రేరకం. అంటే తాను ఖర్చు కాకుండా రసాయన చర్యను తొందరగా జరిపించేది.

ఇంజన్ నుంచి వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, సగం కాలిన పెట్రోల్ ఆవిరి ఉంటుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు ఉంటాయి. ఆ గదుల్లోంచి పోయేటప్పుడు మొదటిది కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. రెండోది నీళ్ళు, కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. మూడోది మామూలు నైట్రోజన్ అయిపోతుంది. ఇదంతా జరగాలంటే కన్వర్టర్ దాదాపు 250 నుంచి 300 డిగ్రీల దాకా వేడెక్కాలి. అందుకే చాలా బండ్లలో దాన్ని ఇంజన్ దగ్గర వంపు గొట్టంలోనే పెడతారు. గొట్టం చివరి ముక్క మాత్రం మారిస్తే ఒక్కోసారి అది మిగులుతుంది, మొత్తం మారిస్తే పోతుంది.

మన చెన్నైకి దీంతో పాత సంబంధమే ఉంది. 1995 ఏప్రిల్‌లో కొత్త పెట్రోల్ కార్లకు కన్వర్టర్ తప్పనిసరి చేసిన నాలుగు మహానగరాల్లో మన ఊరూ ఒకటి. పెట్రోల్‌లోని సీసం ఆ పూతను పాడుచేస్తుంది కాబట్టి సీసం లేని పెట్రోల్ కూడా అప్పుడే తెచ్చారు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధన వచ్చింది. దాని ప్రకారం బైకు కిలోమీటరుకు 1 గ్రాముకు మించి కార్బన్ మోనాక్సైడ్ వదలకూడదు.

"ఒక్క నా బండితో ఊరు పాడైపోతుందా?" అన్నాడు అన్న. ఊరి సంగతి తరువాత, ముందు మా అవ్వ ఉంది. పాత వణ్ణారపేటలో సిగ్నల్ పక్కన ముప్ఫై ఏళ్ళుగా పూలు అమ్ముతోంది. సాయంత్రం ఇంటికొచ్చి కొంగుతో మొహం తుడుచుకుంటే కొంగు నల్లబడుతుంది. తలనొప్పి అంటుంది. అది ఏ బండివల్ల అని ఎవరూ చెప్పలేరు. మసి కంటికి కనిపిస్తుంది గనక దాన్ని తుడుచుకుంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. అది రక్తంలో ఆక్సిజన్ చోటు ఆక్రమిస్తుంది. చప్పుడు చేసే బండిని అందరూ తిరిగి చూస్తారు, దీన్ని ఎవరూ చూడరు. బండి వాడు పచ్చ లైటు పడగానే వెళ్ళిపోతాడు. వదిలినది అక్కడే కూర్చున్నవాళ్ళకి. ఈ మాట అన్నతో అన్నాను. వాడు జవాబు చెప్పలేదు. గొట్టం మాత్రం ఇంకా మార్చలేదు.

మన క్లాసులో చాలామంది స్కూటీలో వస్తారు. బండి సర్వీసుకిచ్చినప్పుడు గొట్టం మార్చమని మెకానిక్ చెబితే, "కొత్తదాంట్లో కన్వర్టర్ ఉందా?" అని అడగండి. ఇంజన్ సరిగ్గా అంటుకోకుండా కొట్టుకుంటుంటే ప్లగ్గు చూపించండి. కాలని పెట్రోల్ లోపలికి వెళ్తే కన్వర్టర్ విపరీతంగా వేడెక్కి కరిగిపోవచ్చు. ఇంజన్ బొమ్మ లైటు వెలుగుతూనే ఉంటే నెలల తరబడి వదిలేయకండి. సిగ్నల్ దగ్గర ఎక్కువసేపు ఆగాల్సి వస్తే బండి ఆపేయండి. పక్కన ఎవరో ఒకరు పూలో, పండ్లో పెట్టుకుని కూర్చునే ఉంటారు.