తీగ తీసేద్దామా, సార్?

చింతకొమ్మ మీద గూడు. గూట్లో పిల్లలు. వాటికి ఎండ తగలకుండా రెండు రెక్కలూ చాపి, గొడుగు పట్టినట్టు నిలబడ్డ పెద్దకొంగ. ఏప్రిల్ నెల, పన్నెండు దాటిన వేళ. ఈ ఫొటో తీసుకుని ఇంటికొచ్చిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. పదేళ్లుగా కెమెరా మోస్తున్నాను గాని, పోటీకి పంపితే నవ్వరు అనిపించినది ఇదొక్కటే.

ఊరు వీరాపురం. హిందూపురానికి దగ్గర, చిలమత్తూరు మండలం. అక్కడి కొంగలు జనానికి దూరంగా ఏ అడవిలోనో గూళ్లు కట్టవు. ఊరి నడుమ, ఇళ్ల ముందరి చింతచెట్ల మీదే కాపురం. ఊళ్లోవాళ్లు ఎర్రమూతి కొంగలంటారు. పెద్దవాటికి గొంతు పెద్దగా పలకదు, ముక్కులు టకటకలాడించడమే వాటి మాట. గోలంతా పిల్లలదే. కింద రెట్టల వాసన, ఒక్కోసారి పైనుంచి జారిపడే చేపముక్క. అయినా పురిటికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డను విసుక్కోనట్టే, ఆ ఊరు వీటిని విసుక్కోదు.

కెమెరా వెనక బుల్లితెర మీద అద్భుతంగా కనిపించిన ఫొటో, కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే ఒక్కో లోపం బయటపెట్టింది. ఫ్రేము కాస్త ఎడమకు ఒరిగింది. కొంగ వీపు మీది తెలుపు దాదాపు బర్న్ అయింది. రాయలసీమ మిట్టమధ్యాహ్నం తెల్లపిట్టను తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ ఒక మెట్టు దించాలని తెలిసీ, తొందరలో మరిచాను. ఆకాశంలో సెన్సర్ దుమ్ము తాలూకు మచ్చ. అన్నిటికన్నా పెద్ద తలనొప్పి గూటి వెనక. అడ్డంగా కరెంటు తీగ, కుడి మూల ఒక డాబా, దాని మీద టీవీ డిష్షు.

రా (ముడి) ఫైలులో తీయడం ఇలాంటప్పుడే ఆదుకుంటుంది. జేపెగ్‌లో పోయిన తెలుపు పోయినట్టే. రా ఫైలులో మాత్రం హైలైట్స్ కొంచెం దించగానే వీపు మీద ఈకల వరసలు, సున్నం గోడ మీద తడి ఆరినప్పుడు గీతలు తేలినట్టు, మెల్లగా తేలాయి. వంకర సరిచేశాను. దుమ్ముమచ్చ తుడిచాను. కంటి దగ్గర మాత్రం షార్ప్‌నెస్ కాస్త పెంచాను. ఇక రంగు. ఎర్రమూతి కొంగకు తోక పక్కన గులాబీ ఈకలుంటాయి. శాచురేషన్ పెంచే బటన్ ఆ గులాబీని చూడగానే చేతిని లాగుతుంది. కొద్దిగా పెంచాను, బాగుంది. ఇంకొంచెం పెంచాను, ఇంకా బాగుంది. టీ తాగొచ్చి చూస్తే, తిరునాళ్లలో అమ్మే పీచుమిఠాయిలా ఉంది. మొదటికి తెచ్చాను. ఫొటో దిద్దేవాడు మధ్యలో లేచి టీకి వెళ్లడం ఎంత అవసరమో ఏ పుస్తకమూ చెప్పదు.

తీగ సంగతి తేలక, హిందూపురంలో పెళ్లి ఆల్బమ్‌లు చేసే మిత్రుడి దగ్గరికి వెళ్లాను. మౌస్ పట్టిన ముప్ఫయ్యేళ్ల మాంత్రికుడు. అలిగి పెళ్లికి రాని మేనమామను వేరే ఫొటోలోంచి తెచ్చి పెళ్లికూతురి పక్కన నిలబెట్టగలడు. తర్వాత తగాదాలొస్తే అదే మేనమామను తీసేయనూ గలడు. వాళ్ల నాన్న కూడా స్టూడియో మనిషే. నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో టచింగ్ చేసి పెళ్లిచూపుల ఫొటోల్లో మశూచి మచ్చలు మాయం చేసేవాడట. ఆ పెన్సిల్ వల్ల ఎన్ని సంబంధాలు కుదిరాయో, కుదిరాక ఎన్ని గొడవలయ్యాయో ఎవరు లెక్కపెట్టారు!

ఫొటో చూసి అతను ఒక్కటే అన్నాడు. "తీగ తీసేద్దామా, సార్? రెండు నిమిషాలు. ఆ డిష్షు కూడా. వెనకాల మంచి మబ్బులు పెడతా."

నోరూరింది. అబద్ధమెందుకు? కానీ నిబంధనలు చదివి ఉన్నాను. ప్రకృతి ఫొటోల పోటీల్లో వంకర సరిచేయొచ్చు, క్రాప్ చేయొచ్చు, వెలుగునీడలు దిద్దొచ్చు, కెమెరా పెట్టిన దుమ్మూ నాయిసూ తీయొచ్చు. అక్కడ ఉన్నదాన్ని తీసేయకూడదు, లేనిదాన్ని తేకూడదు. పెద్ద పోటీలైతే చివరి వడపోతకు చేరినవాళ్లను రా ఫైలు అడుగుతాయి. అంటే కెమెరా తప్పు దిద్దుకోవచ్చు గాని, ఊరిది ఊరికే వదిలేయాలి. నా మిత్రుడికి ఇది వింతగా తోచింది. "ఎవరు చూస్తారు సార్?" అన్నాడు.

చూస్తారు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నడిపే పోటీకి 2024లో 117 దేశాలు, ప్రాంతాల నుంచి 59,228 ఫొటోలు వచ్చాయి. అంత రద్దీలోనూ పట్టుకోగలరు. 2009లో గేటు మీంచి దూకుతున్న తోడేలు ఫొటోకు అక్కడ మొదటి బహుమతి వచ్చింది. స్పెయిన్‌లో తీసింది. అది అడవి తోడేలు కాదు, మచ్చికైనదై ఉండే అవకాశమే ఎక్కువని తేల్చి 2010 జనవరిలో రద్దుచేశారు. 2017లో గెలిచిన మరో ఫొటోలో రాత్రివేళ మెరిసే చెదపుట్ట, దాని దగ్గర చీమలు తినే జంతువు. బ్రెజిల్‌లోని ఎమాస్ నేషనల్ పార్కులో తీసింది. ఆ జంతువు గడ్డి కూరిన బొమ్మేనని నిపుణులు చెప్పడంతో మరుసటేడు అదీ పోయింది. తీసినవాళ్లిద్దరూ ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. ఈ రెండింటిలోనూ ఫొటోషాప్ పాపమేమీ లేదు. తగాదా అంతా కెమెరా ముందర ఏముందన్నదాని మీదే.

తీగ తీయకూడదు, సరే. క్రాప్ చేయొచ్చుగా? అక్కడ చిక్కుకున్నాను. బాగా దగ్గరికి కోస్తే డిష్షూ డాబా పోతాయి, తీగ కూడా గూటి వెనక దాక్కుంటుంది. ఆరువేలు నాలుగువేల పిక్సెళ్ల ఫొటో మూడువేలు రెండువేలకు వస్తుంది. అంటే 24 మెగాపిక్సెళ్లలో మిగిలేది ఆరే. అయినా ప్రింటుకు చాలు. అలాగే కోశాను. కొంచెం నలుపు కూడా దట్టించాను. నలుపు పెంచితే ఫొటో 'లేస్తుంది' అంటారు మావాళ్లు. నిజంగానే లేచింది. గూడు ఏదో కీకారణ్యంలో ఉన్నట్టుంది. 'మూడు పిల్లలకు రెక్కల నీడ' అని కాప్షన్ రాసుకున్నాను. అంతకుముందు రాసుకున్నది 'సైబీరియా అతిథి'. పేపర్లవాళ్లు ప్రతి కొంగనూ సైబీరియా నుంచి రప్పిస్తారు, నేనూ నమ్మాను. ఇవి మన ఉపఖండం పిట్టలే, సైబీరియా మొహం కూడా ఎరగవు.

మన సలోన్లలో (ఫొటో పోటీల్లో) ఎక్కువ భాగం పాటించే ప్రకృతి ఫొటో నిర్వచనం ఒకటుంది. అమెరికా పీఎస్ఏ, ఫియాప్, బ్రిటన్ ఆర్పీఎస్ అనే ఫొటోగ్రఫీ సంఘాలు కలిసి రాసుకున్నది, 2015లో అమల్లోకి వచ్చింది. ఫొటోలో మనుషుల ఆనవాళ్లు ఉండకూడదంటుంది. కానీ వెంటనే ఒక మినహాయింపు. మనుషులు మార్చిన పరిసరాలకు అలవాటుపడ్డ జీవులైతే ఉండొచ్చట. ఉదాహరణగా రెండే పిట్టల్ని చెప్పింది: ఇళ్లలో చేరే గుడ్లగూబలు, కొంగలు. అక్షరాలా కొంగలే! డిష్షునూ తీగనూ దాచడానికి నేను ఇన్ని తంటాలు పడుతుంటే, అవి ఉంటే తప్పులేదని నిబంధనే అంటోంది.

అయినా, గడువుకు నాలుగు రోజులుండగా, కోసిన ఫొటోనే ప్రింటు వేయించి వీరాపురం తీసుకెళ్లాను. ఆ చింతచెట్టు కింద ఇల్లున్న ముసలామెకు ఇద్దామని. ఆమె అరుగు మీద కూర్చుని వెలుతురుకు తిప్పితిప్పి చూసింది.

"ఇది యాడ తీస్తివి నాయనా?"

"ఈ చెట్టు మీదే అవ్వా."

"మా ఇల్లేది మరి?" అంది. నా దగ్గర జవాబు లేదు. మళ్లీ ప్రింటు ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. "పిల్లలు మూడే పడినాయే. నాలుగు గదా ఉండేది."

"మూడే ఉన్నాయవ్వా. కంప్యూటర్‌లో పెద్దది చేసి చూశాను."

"నేను దినామూ చూస్తాండా" అని ప్రింటు నా చేతిలో పెట్టి, మజ్జిగ తేవడానికి లోపలికి పోయింది.

రాత్రి ఇంటికొచ్చి అసలు రా ఫైలు తెరిచాను. దట్టించిన నలుపు తీసేశాను. షాడోస్ మెల్లగా పైకి జరిపాను. కొంగ ఎడమ రెక్క కింద, పుల్లల మధ్య, తోబుట్టువు వీపుకు ఆనుకుని చిన్న ముక్కు కొస, దాని పైన సగం మూసిన కన్ను. తీసిననాటి నుంచీ అక్కడే ఉంది. ఫొటో 'లేవడం' కోసం నేనే దాన్ని చీకట్లో పూడ్చిపెట్టాను.

క్రాప్ కూడా వదిలేశాను. డాబా వచ్చింది, డిష్షు వచ్చింది, తీగ ఫ్రేము ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా సాగింది. కాప్షన్‌లో మూడు కొట్టేసి నాలుగు రాశాను.