ఆఖరి చుక్క

నన్ను మొట్టమొదట "మేష్టారూ" అని పిలిచింది 1971లో. అప్పటికి నాకు మీసకట్టయినా సరిగా రాలేదు. శ్రీకాకుళం జిల్లాలో ఒక కాలేజీలో బి.యస్సీ. ఆఖరి ఏడు చదువుతున్నాను. కాలేజీ పేరెందుకు లెండి. కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరుగారు టైఫాయిడుతో మంచం పట్టారు. లెక్చరరుగారు నన్ను పిలిచి, "మొదటేడాది పిల్లలకు కాస్త టైట్రేషన్లు చూపించవోయ్" అని ఎనిమిదిమందిని నాకప్పగించారు.

ఇదేదో నా ఘనత అనుకునేరు! చదువుకునేవాడు చదువు చెప్పడం మనకు కొత్తకాదు. ఆండ్రూ బెల్ అనే దొర మద్రాసులో అనాథ బాలుర పాఠశాల నడుపుతూ, మన వీధిబడి పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకు చెప్పించాడు. దాన్ని 1797లో లండనులో పుస్తకంగా అచ్చువేస్తే "మద్రాసు పద్ధతి" అని పేరొచ్చింది. అంతదూరం ఎందుకు, గురజాడవారు విజయనగరంలో 1884లోనే 25 రూపాయల జీతం మీద హైస్కూలు మేష్టరీ చేశారు, బి.ఏ. ప్యాసైంది 1886లో. ఇవేవీ అప్పుడు నాకు తెలియవు. తెలిస్తే ఇంకెంత మిడిసిపడేవాణ్ణో.

మా పిల్లలు పాలకొండ, వీరఘట్టం వైపు పల్లెలవాళ్లు. హైస్కూలుదాకా తెలుగులో చదివి, ఇంగ్లీషు పాఠం ముందు బిక్కమొహాలు వేసేవారు. రెండేళ్లకిందట నేనూ అంతే. అందుకే వాళ్లెక్కడ తడబడతారో నాకు ముందే తెలిసేది. "గులాబిరంగు తొంగిచూడగానే ఆపెయ్యాలి. పప్పులో ఉప్పులాంటిదర్రా, ఎక్కువైతే తీయలేం" అనేవాణ్ణి. లెక్చరరుగారి ఎదుట నోరు విప్పనివాళ్లు నా దగ్గర "ఇదేటి మేష్టారూ?" అని ధైర్యంగా అడిగేవారు.

ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. పిపెట్టు ఖాళీ అయ్యాక కొసన ఒక చుక్క నిలుస్తుంది. ఆ చుక్కను మినహాయించుకునే పిపెట్టు మీద కొలత గీత పెడతారు. కొసను ఫ్లాస్కు గోడకు ఆనించి ఊరుకోవాలి. నేనేమో వృథా పోతుందని ఉఫ్‌మని ఊది దింపేవాణ్ణి. పిల్లలకూ అదే నేర్పాను.

ఎనిమిదిమందీ వరసగా ఊదారు! బయటినుంచి వచ్చిన ఎగ్జామినరుగారి కళ్లెర్రబడ్డాయి. "ఎవరయ్యా ఇది నేర్పింది?" ఒక్కడూ పలకలేదు. ఒక్కడూ నావైపు చూడనైనా లేదు. గాజుసామాను అందిస్తూ గుమ్మం దగ్గరే ఉన్న నాకు నాలుక పిడచకట్టుకుపోయింది. అంతలో లెక్చరరుగారు, "నేనేనండీ. పొరపాటు నాదే" అన్నారు.

సాయంత్రం నన్ను స్టోరురూములోకి పిలిచారు. తిట్టలేదు. తిట్టినా బాగుండును. పిపెట్టు చేతికిచ్చి, మంచినీళ్లతో ఇరవైసార్లు చేయించారు. "రేపు వెళ్లి వాళ్లకు నువ్వే చెప్పు" అన్నారు.

చెప్పాను. వీరఘట్టం కుర్రాడు శ్రద్ధగా విని నోటుబుక్కు తెరిచాడు.

"ఏటి రాసుకోమంటారు మేష్టారూ? మీరు ముందు సెప్పిందా, ఇప్పుడు సెప్పిందా?"

"ఇప్పుడు చెప్పిందే రాసుకో."

వాడు పాతది కొట్టేసి, పక్కన తేదీ వేసి మరీ రాసుకున్నాడు.